కోయ పంతులు కథ

భద్రాచలం పేరు చెప్పి ఒక పతనం కథ మొదలుపెడితే వినేవాళ్లకు ముందుగా రామదాసే గుర్తొస్తాడు. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చిన కంచర్ల గోపన్న, పైవాళ్లు ఇచ్చిన అధికారంతో తన మనసుకు నచ్చిన పని చేశాడు. గుడి కట్టాడు. లెక్క అడిగిన రోజున గోల్కొండ చెరకు పోయాడు. అయితే ఆ కథలో ఒక ఊరట ఉంది. రామలక్ష్మణులే మారువేషంలో వచ్చి తానీషా బాకీ తీర్చారని జనం చెప్పుకుంటారు. నేను చెప్పబోయేది కూడా పైవాళ్లిచ్చిన అధికారంతో పని చేసిన ఉద్యోగి కథే. ఇందులో బాకీ తీర్చడానికి ఎవరూ రాలేదు.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఆ గీతను తర్వాత ఏ వరదా అందుకోలేదు. 2022 జూలైలో వచ్చిన పెద్ద వరద కూడా 71.3 అడుగుల దగ్గరే ఆగింది. ఊళ్లను ముంచిన ఆ నీళ్లు తీసి మూడు నెలలు కాకముందే, నవంబరు 5న, హైదరాబాదు సచివాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. జీవో నంబరు 275. రాజ్యాంగం ఐదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారాన్ని వాడి, షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో పంతులు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పిన ఉత్తర్వు అది.

ఎందుకలా చెప్పాల్సి వచ్చిందో దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, చింతూరు వైపు పాతవాళ్లను ఎవరిని అడిగినా చెబుతారు. పంతులుగారి కాపురం భద్రాచలంలోనో కొత్తగూడెంలోనో ఉండేది, బడేమో వాగు అవతల. వానాకాలం వాగు పొంగితే బడి లేదు. ఎండాకాలం వాగు ఎండినా బడి ఉంటుందన్న నమ్మకం లేదు. వచ్చిన రోజున కూడా ఆయన చెప్పేది పిల్లలకు అర్థమయ్యేది కాదు, పిల్లలు అడిగేది ఆయనకు అర్థమయ్యేది కాదు. ఆయన్ను తిట్టి లాభం లేదు. శిక్షగా వేసిన పోస్టింగులో మనసు పెట్టి పని చేసేవాళ్లు ఏ శాఖలోనైనా ఎంతమంది ఉంటారు? ఏజెన్సీలో పంతుళ్ల గైర్హాజరు ఎంత ఘోరంగా ఉండేదో చివరికి సుప్రీంకోర్టు రికార్డుల్లోకి కూడా ఎక్కింది.

అసలు ఈ అడవికి బడి కొత్తేమీ కాదు. దుమ్ముగూడెంలో ఇంగ్లీషు మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలోనే పలకా బలపం పట్టించారు. జాన్ కెయిన్ అనే పాదిరి దశాబ్దాల పాటు అక్కడే ఉండి, కోయ మాటను రాతలో పెట్టాలని కూడా చూశాడు. నిజాం రాజ్యంలో, ఇక్కడికి ఎగువన ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో, 1943లో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ గోండు యువకులకు పంతుళ్లుగా తర్ఫీదు ఇప్పించాడు. గోండు భాషలో వాచకాలు అచ్చు వేయించాడు. రాజ్యం మారింది, వాచకాలు మూలన పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు మార్లవాయిని మెచ్చుకుంటూ వ్యాసాలు రాయించాయి గాని, అక్కడ ఏం జరిగిందో చదివినట్టు కనిపించదు. ఒకరి చొరవతో వచ్చింది ఇంకొకరి చొరవ లేనప్పుడు పోతుందన్నది అక్కడే తేలిపోయిన విషయం.

జీవో 275 తోనూ, దాని వెనక వచ్చిన మరో ఉత్తర్వుతోనూ కోయ కుర్రాళ్లు టీటీసీ చేసి పంతుళ్లయ్యారు. ఆ రోజుల్లో ఒక గూడెంలో పిల్లవాడు పంతులయ్యాడంటే గూడెమంతా పంతులైనట్టే. ఆ బడి ఎలా నడిచేదో కొంచెం దగ్గరగా చూడాలి. మే నెల తునికాకు కోతల కాలం. పిల్లలంతా తెల్లారకముందే తల్లుల వెంట అడవికి పోయి ఆకు కోసి, సాయంత్రం గుడిసె ముందు కట్టలు కడతారు. కట్టకు 50 ఆకులు. కల్లం దగ్గర సేటు మనిషి కట్టలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటాడు. జూన్‌లో బడి తెరవగానే కోయ పంతులు ఎక్కాల పుస్తకం తీయడు. ‘మీ అమ్మ మొన్న కోతల్లో ఎన్ని కట్టలు పోసింది, సేటు ఎన్ని రాశాడు’ అని కోయలో అడుగుతాడు. రెంటికీ తేడా వస్తుంది. ఆ తేడా ఎక్కడ పోయిందో కనుక్కోవడమే ఆ వారం లెక్కల పాఠం. యాభయ్యో ఎక్కం మూడో తరగతి పిల్లకు నోటికొచ్చేస్తుంది, తల్లికి కూడా కొంత లెక్క వస్తుంది. ఈ పాఠం ఏ సిలబస్‌లోనూ లేదు. ఇలా చెప్పమని ఏ అధికారీ రాసి పంపలేదు. అలాగే మార్చిలో ఇప్పపూలు రాలే రోజుల్లో బడి తెల్లారి మానేసి మధ్యాహ్నం పెట్టుకోవచ్చని, విత్తనాల పండుగ నాడు హాజరుపట్టీ తెరవడం దండగని ఆ పంతులుకు ఒకరు చెప్పనక్కర్లేదు. రూలు ప్రకారం ఇదంతా తప్పే. పిల్లలు బడి మానకుండా నిలిచింది మాత్రం ఈ తప్పుల వల్లే.

ఈ స్వతంత్రం ఆయనకు ఎవరూ రాసి ఇచ్చింది కాదు. వాగు అడ్డం ఉండి తనిఖీ అధికారి రాలేకపోవడం వల్ల దక్కిందనాలి.

ఉత్తర్వు మాత్రం మొదటి నుంచీ కోర్టు మెట్ల మీదే ఉంది. 1989లో అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ జీవో 275ను కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది, 1998లో ఆ అప్పీలును తనే వెనక్కి తీసుకుంది. మళ్లీ 2000 జనవరి 10న అదే మాటను కొత్త నంబరుతో చెప్పింది. అదే జీవో 3. పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే. అందులో మూడో వంతు ఆడవాళ్లకు. 1950 జనవరి 26కు ముందు నుంచీ ఆ ప్రాంతంలో కాపురం ఉన్న కుటుంబం అయ్యుండాలి. ట్రిబ్యునల్ దీన్ని కూడా కొట్టేసింది. 2001లో హైకోర్టు మెజారిటీ తీర్పుతో నిలబెట్టింది. ఓడినవాళ్లు ఢిల్లీ వెళ్లారు. అక్కడ ఆ కాగితాలు దాదాపు ఇరవై ఏళ్లు ఉన్నాయి.

ఆ ఇరవై ఏళ్లే ఈ కథలో మంచి కాలం. భద్రాచలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) మెట్ల మీద ఆర్డరు కాపీ పట్టుకుని నిలబడిన కోయ ఆడపిల్లల తరం అది. మామూలుగా ఇంట్లో ఆడపిల్ల సంపాదన అడవి నుంచి తెచ్చిన గంపతో లెక్క. ఇప్పుడు ఆమె జీతం బ్యాంకులో పడుతోంది, ఆమె సంతకం పెడితేనే బడికి బియ్యం వస్తున్నాయి.

నిజం చెప్పాలంటే ఆ జీవోలో పెద్ద లోపమే ఉంది. పంతులు ఏ తెగవాడు, ఎక్కడివాడు, ఎప్పటి నుంచి ఉన్నాడు అని అడిగింది గాని, పిల్లల భాష వచ్చా అని అడగలేదు. కోయ గూడెం బడికి కోయ రాని గిరిజన పంతులు కూడా వచ్చాడు, రూలు ప్రకారమే. పోస్టులు ఏ తెగకు ఎన్ని పోయాయన్న పంచాయితీ ఆదివాసీలకూ లంబాడాలకూ మధ్య పుండులా పెరిగింది. ఒక ఉద్యోగానికి అర్హత పుట్టుకగా రాసిన కాగితం, అసలు అవసరమైన విద్యను రాయడం మరిచిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత కోర్టులో దెబ్బ తగిలింది సరిగ్గా ఆ సందులోంచే.

భాషను పట్టించుకున్న పని ఇంకోటి ఉంది. దానికీ జీవో 3కీ సంబంధం లేదు, వేరే ఆఫీసు, వేరే ఫైలు. 2004లో సర్వశిక్షా అభియాన్ కింద ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. మొదట 240 బడుల్లో ప్రయోగం. కోయ, గోండి, కొలామి, బంజారా, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా. లిపి తెలుగు లిపే. ఒకటో తరగతి పిల్లకు మొదటి పాఠం తన ఇంటి మాటలో ఉంటుంది, తర్వాత మెల్లగా తెలుగులోకి, ఆపైన ఇంగ్లీషులోకి నడిపిస్తారు. వాచకాలు రాయడానికి గిరిజన పంతుళ్లనే కూర్చోబెట్టారు. బడిలో ఏం చెప్పాలో తామే రాసే అవకాశం ఆ పంతుళ్లకు వచ్చింది అప్పుడొక్కసారే. తమ అవ్వ చెప్పిన కథ అచ్చులో చూసుకున్న పంతులు, ఆ పుస్తకం పట్టుకుని క్లాసులోకి ఎలా నడిచి ఉంటాడో ఊహించుకోవచ్చు. పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకం చెప్పగల పంతుళ్లనే ఆ బడులకు వేసే ఏర్పాటు నిలకడగా సాగలేదు. బదిలీల కౌన్సెలింగులో సీనియారిటీ చూస్తారు, భాష చూడరు. కొన్నేళ్లకు పథకం పేరు కాగితాల్లో మిగిలింది. ఆ వాచకాలు ఇప్పుడు ఏ బడి బీరువాలోనైనా దొరికితే అదృష్టమే.

పోస్టు ఒక ఫైల్లో ఉంది, పుస్తకం ఇంకో ఫైల్లో ఉంది. కథ ఉన్నవాడు ఏ ఫైల్లోనూ లేడు.

ఆ కథ ఉన్నవాడు డోలీ. కోయల్లో పూర్వగాథలు చెప్పే వంతు డోలీలది. గట్ల, అంటే గోత్రాల, ఇలవేల్పుల కొలుపులో ఆయన పడిగె విప్పుతాడు. పడిగె అంటే పొడవాటి గుడ్డ, ఒక కొస సన్నబడి కోసుగా ఉంటుంది. దాని మీద వేల్పులు, మూలపురుషులు, జంతువుల బొమ్మలు. పక్కన డోలు, కొమ్ము మోగుతుంటే ఒక్కో బొమ్మ మీదికి చూపిస్తూ, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ నది దాటారు, ఎవరితో పోరాడారు, ఎవరికి ఎవరు వియ్యమవుతారు అని పాడుకుంటూ పోతాడు. మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఏ ఇంటిపేరు ఎటు చేరుతుందో ఆయన నోట్లో ఉండాల్సిందే; తప్పితే పెళ్లి సంబంధాలే తప్పుతాయి. ఎంత పొడిగించాలో, ఎక్కడ ఆపి బీడీ కాల్చుకోవాలో, ఏ ఘట్టం దగ్గర ఆడవాళ్లు ఏడుస్తారో ఆయనకే తెలుసు. గట్టు పెద్దలిచ్చే ధాన్యం, బట్టలు ఆయనకు జీతం. ఇది దానం కాదు. ఆయన రాకపోతే కొలుపు జరగదు కాబట్టి అది ఆయన హక్కు.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అలాంటి డోలీ. సమ్మక్క సారలమ్మల గాథను కోయలోనూ తెలుగులోనూ పాడగలిగిన మనిషి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఢిల్లీలో రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నారు. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆ రెండేళ్లలో ఆయన్ను వేదికల మీదికి పిలిచారు, శాలువాలు కప్పారు, పది నిమిషాలు పాడమన్నారు. రాత్రంతా సాగే కథను పది నిమిషాలకు కుదించమని గట్టు పెద్దలు ఆయన్ను ఎన్నడూ అడిగి ఉండరు. బిరుదు తప్పని నేననను; ఆలస్యంగానైనా వచ్చింది. అయితే కొలుపులు తగ్గి, పెళ్లికి డీజే వచ్చి, కుర్రాళ్లు మణుగూరు బొగ్గు గనుల్లో కాంట్రాక్టు పనికో హైదరాబాదు వాచ్‌మన్ పనికో పోయాక, ఆ ధాన్యం పెట్టే ఇళ్లే తగ్గిపోయాయి. ఒక్క మనిషికి పతకం ఇవ్వగలం గాని, అతని దగ్గర నేర్చుకోవాలన్న ఆశ కొడుకుకు పుట్టించలేం. ఆ ఇరవై ఏళ్లలో ఏ కోయ బడిలోనైనా నెలకు ఒక పూట డోలీని కూర్చోబెట్టి, పంతులు జీతంలో పదో వంతు ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో. పంతుళ్లలో కొందరు పిలిచేవాళ్లు కూడా. రిజిస్టరులో ఏ పద్దు కింద రాయాలన్నది తేలక ఆగిపోయేవాళ్లు.

2014లో రాష్ట్రం రెండైంది. పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, వేలేరుపాడు, కుక్కునూరు పూర్తిగా, భద్రాచలం, బూర్గంపాడు కొంత. భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్రలో. గోదావరి గట్టు మీద నడుచుకుంటూ పోతే రాష్ట్రం మారిపోతుంది. అన్న ఒక రాష్ట్రం పంతులు, చెల్లెలు ఇంకో రాష్ట్రం పంతులమ్మ. వాచకాలు వేరు, సెలవులు వేరు, పీఆర్సీ వేరు. పిల్లల మాట మాత్రం రెండు గట్ల మీదా కోయే.

2020 ఏప్రిల్ 22. దేశమంతా లాక్‌డౌన్. ఇప్పపూలు ఎండి, తునికాకుకు చిగురు ముదురుతున్న రోజులు. బడులకు తాళం. ఆ రోజు జస్టిస్ అరుణ్ మిశ్రా నాయకత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో జీవో 3ను కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగం ఒప్పుకోదు, ఐదో షెడ్యూలు కింద గవర్నరుకు ఉన్న అధికారం ప్రాథమిక హక్కులను మించిపోదు, స్థానికంగా ఉన్న మిగతావాళ్లకు అన్యాయం జరుగుతోంది అన్నది తీర్పు సారం. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనడం హేయమైన ఆలోచన అని కూడా ధర్మాసనం అంది. ఏజెన్సీ భూములను గిరిజనేతరుల గనులకు లీజుకివ్వకూడదన్న 1997 నాటి సమత తీర్పుకు ఆధారమైంది కూడా ఈ ఐదో షెడ్యూలే. గని తవ్వకుండా ఆపడానికి సరిపోయిన షెడ్యూలు, బడిలో పంతులును నిలబెట్టడానికి సరిపోలేదు.

తీర్పులో వాదన ఏదీ పూర్తిగా తప్పని చెప్పలేను. ఏజెన్సీలో పుట్టి పెరిగిన దళిత కుర్రాడికి తన ఊరి బడిలో ఒక్క పోస్టూ దొరకదంటే అతని బాధా బాధే. అయితే ‘గిరిజనుడే చెప్పాలా’ అన్న ప్రశ్నకు కోర్టు జవాబిచ్చింది. ‘కోయ వచ్చినవాడు చెప్పాలా’ అన్న ప్రశ్నను ఎవరూ కోర్టు ముందు పెట్టలేదు. ప్రభుత్వం ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా పోస్టును భాషతో ముడిపెట్టి ఉత్తర్వు రాయలేదు. కేసు ఉద్యోగాల వాటాల మీద నడిచింది, వాటాల మీదే ఓడింది. పైగా రెండు రాష్ట్రాలూ కలిసి 5 లక్షల రూపాయల ఖర్చులు కట్టాలని తీర్పు.

అన్నిటికన్నా చేదు మాట తీర్పు చివర్లో ఉంది. 1986 నుంచి ఇప్పటిదాకా ఇచ్చిన ఉద్యోగాలు పోవు, ఉంచుతున్నాం అన్నారు. ఒక షరతు. ప్రభుత్వాలు మళ్లీ ఇలాంటి పని చేసి రిజర్వేషన్ హద్దు మీరితే, ఆ పాత ఉద్యోగాలకు కూడా రక్షణ ఉండదు. అంటే తండ్రి ఉద్యోగాన్ని తాకట్టు పెట్టి కొడుకు నోరు మూయించినట్టయింది. ఆ తర్వాత ఏజెన్సీలో బందులు జరిగాయి, ఐటీడీఏల ముందు ధర్నాలు జరిగాయి, రివ్యూ పిటిషన్ల మాట వచ్చింది, మంత్రులు హామీలిచ్చారు. హామీ ఇచ్చిన ప్రతివాడికీ ఆ షరతు తెలుసు.

ఉద్యోగం నిలిచిన పంతులుకు పని మారిపోయింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడులన్నిటికీ ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాష ఉన్న పుస్తకం. కోయ పిల్లకు రెండు పేజీలూ పరాయివే. అదే ఏడాది తొలిమెట్టు అనే కార్యక్రమం వచ్చింది. ఏ వారం ఏం చెప్పాలో, ఏ రోజు పరీక్ష పెట్టాలో పైనుంచే వస్తుంది. ఉద్దేశం మంచిదే, చదవడం రాని పిల్లల కోసం పెట్టిందే. కానీ తునికాకు కట్టల లెక్కకు ఆ వారం పట్టికలో గడి లేదు. ఆంధ్రలోకి పోయిన మండలాల్లో పంతులు ముఖం ఫోనుకు చూపించి హాజరు వేయాలి. బడి మరుగుదొడ్ల ఫొటోలు కూడా పంపమన్న కాలం ఉంది. చింతూరు అవతల గూడేల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. గుట్ట మీద ఫోను పైకెత్తి నిలబడ్డ పంతులు ఆ సమయానికి బడిలో ఉన్నట్టు లెక్క. వాగు ఒకప్పుడు ఇన్‌స్పెక్టరును ఆపేది. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు జేబులో ఉన్నాడు.

1980ల చివర్లో చేరిన కోయ పంతుళ్ల తొలి వరస ఇప్పుడు రిటైరవుతోంది. వాళ్ల దగ్గర చదివి, వాళ్లలా పంతులు కావాలని డీఎడ్ చేసిన పిల్లలు గూడెంలో ఉన్నారు. 2024లో తెలంగాణ 11,062 టీచరు పోస్టులకు డీఎస్సీ పెట్టింది. జీవో 3 లేకుండా ఈ పిల్లలు రాసిన పరీక్ష అది. హైదరాబాదులో కోచింగ్ తీసుకున్నవాళ్లతో సమానంగా కూర్చుని రాశారు, కొందరికి వచ్చింది, చాలామందికి రాలేదు. రానివాళ్లలో కొందరు ఆశ్రమ పాఠశాలల్లో కాంట్రాక్టు మీద చెబుతున్నారు. జీతం ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చే జూన్‌లో ఉంటారో లేదో తెలియదు. అయినా కోయలో చెప్పగలిగేది ఆ బడిలో వాళ్లొక్కరే.

పెద్దాయన రిటైరైన రోజున సన్మానం బాగానే చేస్తారు. శాలువా, పటం, గోడ గడియారం. ఆయన పోస్టుకు కొత్త మనిషి వచ్చేదాకా పక్క మండలం పంతులును వారానికి మూడు రోజులు సర్దుబాటు చేసినట్టు ఎంఈవో ఆఫీసు మెసేజ్ పెడుతుంది. ఆ పంతులుకు కోయ రాదు, వచ్చే బదిలీల్లో మైదానానికి పోవాలని ఇప్పటికే దరఖాస్తు పెట్టుకున్నాడు.